ఇంకో చుట్టు తిరిగిన చక్రం

బైండింగు షాపులో ఆయన్ని చిన్నా పెద్దా అందరూ బిగింపు మామ అనే పిలుస్తారు. కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉందన్న సంగతి ఆయనకే అప్పుడప్పుడు, ఆస్పత్రి లాంటి చోట్ల ఎవరైనా గట్టిగా పిలిస్తే గుర్తొస్తుంది. ఆయన పని ప్రెస్సు దగ్గర. ప్రెస్సంటే ఇక్కడ అచ్చువేసేది కాదు, అదిమేది. మడతపెట్టిన అచ్చు కాయితాల ఫారాలు కుట్టి, వెన్నుకి జిగురు రాసి, అట్టలు తొడిగిన పుస్తకాలని చెక్కపలకల మధ్య దొంతరగా పేర్చి ఆ ఇనప చట్రంలోకి తోస్తారు. చట్రం నెత్తిమీద పెద్ద చక్రం. అది తిప్పితే లావుపాటి స్క్రూ కిందికి దిగి దొంతరని నొక్కుతుంది. తెల్లారేదాకా అలా నొక్కుకుని ఉంటేనే జిగురు పట్టి పుస్తకం బుద్ధిగా నిలబడుతుంది. బిగింపు చాలకపోతే అట్టలు వంకర్లు పోతాయి, వెన్ను ఉబ్బుతుంది, లైబ్రరీ వాళ్లు మొహాన కొట్టి తిరిగి పంపిస్తారు.

బిగింపు మామ బిగించిన పుస్తకం తిరిగొచ్చిన దాఖలా లేదు. ఈ మాట ఆయనే చెబుతాడు, అడిగినా చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు. సాయంత్రం దొంతర పెట్టాక లుంగీ ఎగ్గట్టి, ఊపిరి బిగబట్టి, మొహం కందగడ్డలా అయ్యేదాకా చక్రం తిప్పి, చివర్న దాన్ని అరచేత్తో ఒక్కటి చరిచి "ఇంక తిరగదు" అంటాడు. ఆ మాట పడ్డాకే షాపులో మిగతావాళ్లు చేతులు కడుక్కునేది. కొంచెం గొప్పలెక్కువ మనిషే, కాదనను. కానీ ఆ గొప్పలకి తగ్గ చెయ్యి ఉండేది.

ఆ చెయ్యే ఒకరోజు మధ్యాహ్నం చక్రం మీద నుంచి జారిపోయింది.

మొదట ఆయన గ్యాసనుకున్నాడు. ఛాతీలో బరువు, ఎడమ భుజంలో లాగుడు, ఒళ్లంతా చల్లటి చెమట. ఇన్ని కనబడుతున్నా "పొద్దున్న టిఫిను సరిగ్గా అరగలేదు" అంటూ కత్తిరింపు బావని సోడా తెమ్మన్నాడు. కత్తిరింపు బావ అంటే అంచులు కోసే మెషిను నడిపే ఆయన, షాపులో మామకి సమవయస్కుడు. అతను సోడా తెచ్చేలోపే మామ చట్రానికి ఆనుకుని కిందికి జారిపోయాడు. వెన్నులకి జిగురు రాసే ఆవిడ, ఆవిడని అందరూ జిగురక్క అంటారు, కుంచె పక్కన పడేసి పరుగున వచ్చి ఆయన తల ఒళ్లోకి తీసుకుంది. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ ఎవరినీ చూడటం లేదు. సరుకు తెచ్చే గూడ్సు ఆటోలో, కాయితం రీళ్ల పక్కన పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లారు.

గుండెపోటన్నారు. రక్తనాళం ఒకటి మూసుకుపోయిందన్నారు. తొడ దగ్గర నుంచి తీగ పంపి, స్టెంటు పెట్టి తెరిచారు. పక్క మంచంలో ఒక బస్సు కండక్టరు ఉండేవాడు. అతని పరిస్థితి మామ కన్నా అధ్వాన్నం. బాత్‌రూముకి వెళ్లాలన్నా ఇద్దరు పట్టుకోవాలి, వెళ్లొచ్చాక మంచం మీద కూర్చుని ఏడ్చేవాడు. మామే అతనికి ధైర్యం చెప్పేవాడు. "నన్ను చూడు గురూ, ఎలా ఉన్నానో" అనేవాడు. డిశ్చార్జి రోజున డాక్టరు ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు. మందులు మానొద్దు, బీడీ ముట్టొద్దు, ఆస్పత్రి వెనక హాల్లో జరిగే క్లాసుకి తప్పకుండా రావాలి. గుండెకి దెబ్బ తగిలినవాళ్లని కనిపెట్టి ఉంటూ కొద్దికొద్దిగా నడిపించి, సైకిలు తొక్కించి, ఏం తినాలో ఎలా ఊపిరి తియ్యాలో నేర్పి, పోయిన బలాన్ని మళ్లీ కూడగట్టే క్లాసు అది.

మామ మందులు మానలేదు. బీడీ ముట్టలేదు. క్లాసుకి మాత్రం వెళ్లలేదు.

క్లాసు నడిపే వ్యాయామం మేడం ఓపిక గల మనిషి. ఫోను చేస్తూనే ఉండేది. మామ ఫోను చెవికి దూరంగా పట్టుకుని, షాపంతా వినబడేలా సమాధానం చెప్పేవాడు.

"మేడం, నేను పనిలో చేరిపోయాను. రోజూ ప్రెస్సు చక్రం తిప్పుతున్నాను. వచ్చి చూడండి, ఎప్పట్లాగే బిగిస్తున్నాను. నాకు మీరు కొత్తగా నేర్పే వ్యాయామం ఏముంటుంది?"

"ఎంత తిప్పగలుగుతున్నారు? ఆయాసం వస్తోందా?"

"ఆయాసమా, నాకా? మా పుస్తకాలని అడగండి."

పుస్తకాలు నిజంగానే సాక్ష్యం చెప్పేవి. ఆయన పనిలో చేరినప్పటి నుంచి ఒక్క అట్ట వంకర పోలేదు, ఒక్క వెన్ను ఉబ్బలేదు. మామ పొద్దున్నే దొంతర తీసి, ఒక్కో పుస్తకాన్ని బల్లమీద నిలబెట్టి, బొటనవేలితో అంచు నొక్కి చూసుకుని మురిసిపోయేవాడు. చావు దాకా వెళ్లొచ్చినా చెయ్యి పట్టు తప్పలేదని ఇంటికెళ్లి భార్యకి చెప్పేవాడు. ఆవిడ "అవునండీ" అనేది, ఆ మాట అంటూ వేరే ఎటో చూసేది.

మనుషులే ఆయనకి కొంచెం తేడాగా కనబడేవాళ్లు. ఓనరు "బస్సుల్లో రద్దీ ఎక్కువ, మీరు కాస్త ముందే బయల్దేరండి మామా" అని తరిమేవాడు. అంతకు ముందు అదే ఓనరు గోడ గడియారాన్ని ఓర చూపు చూసే రకం. జిగురక్క పొద్దున్న అందరికన్నా ముందొచ్చి, సాయంత్రం అందరికన్నా వెనక వెళ్లడం మొదలుపెట్టింది. "ఏం అమ్మాయ్, ఓనరు దగ్గర మెప్పు కొట్టేద్దామనా" అని నలుగురిలో దెప్పేవాడు మామ. ఆవిడ నవ్వి ఊరుకునేది. పొద్దున్న షాపు మెట్ల దగ్గర కత్తిరింపు బావ ఎదురై, నాలుగు మెట్లకోసారి ఆపి ఏవో కబుర్లు మొదలుపెట్టేవాడు. ఇంటి దగ్గర భార్యకి కొత్తగా మోకాలి నొప్పొకటి పట్టుకుంది. ఆయన బస్సు దిగే వేళకి కూరలకని కిందికి దిగి ఎదురయ్యేది, ఇద్దరూ కలిసి మెట్లెక్కేవాళ్లు. మలుపు మలుపుకీ ఆవిడ ఆగిపోయి రెయిలింగు పట్టుకునేది. "నీకన్నా గుండెపోటొచ్చిన నేనే నయం" అని మామ వేళాకోళం చేసేవాడు.

అలా గడిచిపోతున్న ఒక సాయంత్రం, కండక్టరు షాపుకొచ్చాడు.

మామ అప్పుడే చక్రం తిప్పి, చరిచి, "ఇంక తిరగదు" అనేసి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని ముందు పోల్చుకోలేదు. మంచం మీద ఏడ్చిన ఆ కండక్టరు బుగ్గలు తేలి, నిటారుగా, యూనిఫాంలో ఉన్నాడు. షాపు మేడ మీద ఉంటుంది, మెట్లు నిటారుగా ఉంటాయి. వాటిని ఎక్కి వచ్చిన మనిషి నోటితో కాకుండా ముక్కుతో ఊపిరి తీసుకుంటున్నాడు. మామ అది గమనించాడు, గమనించి ఎందుకో నచ్చక మొహం తిప్పుకున్నాడు.

"ఏం గురూ, స్టాపు దాటిపోయావు, దిగటం లేదేంటి?" అన్నాడు కండక్టరు. "మేడం నన్ను పంపించింది. ఆయన పక్క మంచమే కదా మీది, మీరెళ్లి తీసుకురండి అంది. నేను మొదట్నుంచీ వెళ్తున్నా. మా అమ్మాయి మెడపట్టి తోస్తే వెళ్లాననుకో. ఇప్పుడు నేనే వదల్లేకపోతున్నా."

"నాకు అక్కర్లేదయ్యా బాబూ. నా వ్యాయామం ఇదిగో" అని మామ చక్రాన్ని చూపించాడు. "ఇప్పుడే బిగించా. ఇంక ఎవడి తరమూ కాదు."

కండక్టరు సరదా మనిషి. జన్మలో బైండింగు ప్రెస్సు చూసి ఎరగడు. "ఏదీ చూద్దాం" అంటూ సంచీ భుజం మీదకి నెట్టుకుని, బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు చక్రాన్ని పట్టుకుని తిప్పాడు.

చక్రం తిరిగింది.

అతను పళ్లు బిగించలేదు, రొప్పలేదు. చక్రం కిర్రుమని పావు చుట్టు, సగం చుట్టు, అలా అలా నిండా ఒక చుట్టు తిరిగి, ఇంకా కదులుతూనే ఉంది. దొంతర కిందికి అణుగుతుంటే అట్టల మధ్య నుంచి గాలి బుస్సుమంది. కండక్టరు నవ్వుతూ "ఏంటి గురూ, ఇది ఇంకా వదులుగానే ఉందిగా" అన్నాడు. ఆ తర్వాత చుట్టూ చూసి నవ్వు ఆపేశాడు, ఎందుకంటే షాపులో ఇంకెవరూ నవ్వటం లేదు. జిగురక్క కుంచె డబ్బాలోనే ఉండిపోయింది. కత్తిరింపు బావ మెషిను ఆపేసి నేలకేసి చూస్తున్నాడు.

మామ దగ్గరికొచ్చి చక్రాన్ని చూశాడు. తను ఎక్కడ వదిలాడో ఆయనకి తెలుసు. ఇప్పుడది ఎక్కడుందో కళ్లకి కనబడుతోంది.

"ఇదేంటి?" అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి అనలేదు.

అప్పుడు చక్రం అంచున చాక్‌పీసుతో గీసిన చిన్న తెల్ల గీత ఒకటి ఆయన కంటపడింది. చట్రం మీద ఇంకో గీత. రెండూ కొత్తవి కావు. చెరిపి, మళ్లీ గీసి, మళ్లీ చెరిపిన మరకలు వాటి చుట్టూ ఉన్నాయి.

"ఇవెవరు గీశారు?"

"నేనే మామా" అంది జిగురక్క.

"ఎందుకు?"

ఆవిడ జవాబు చెప్పే ముందు చేతులు కొంగుకి తుడుచుకుంది. "మీరు వెళ్లాక నేనూ బావా కలిసి మళ్లీ బిగిస్తాం. పొద్దున మీరొచ్చేలోపు వచ్చి, మీరు వదిలిన చోటికి తిప్పేస్తాను. లేకపోతే విప్పేటప్పుడు మీకు తెలిసిపోతుంది. ఎక్కడిదాకా తిప్పాలో గుర్తుండక గీత పెట్టుకున్నా."

"ఎప్పట్నుంచి?"

"మీరు మళ్లీ చేరిన రోజు నుంచి."

పొద్దున పొద్దున్నే బొటనవేలితో నొక్కి చూసుకుని తను మురిసిపోయిన పుస్తకాలన్నీ ఒక్కసారి కళ్లముందు నిలబడ్డాయి. వాటిలో ఒక్కటీ తను బిగించింది కాదు. ఫోనులో మేడంతో చెప్పిన గొప్పలు, ఈ నలుగురూ వింటూ ఉండగా చెప్పినవి, చెవుల్లో మోగాయి. ఇంతమందీ తలలు వంచుకుని తనని వింటూ, తెలిసీ నోరు మెదపలేదు. సిగ్గు ముందొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది.

"ఎవర్నడిగి చేశారు ఈ పని? నేనేమన్నా చేతకాని ముసలాడినా? నాతో ఒక్క మాట చెప్పలేకపోయారా?"

ఆయనతో ఎప్పుడూ ఎదురు మాట్లాడని జిగురక్క ఆ రోజు మాట్లాడింది. "ఆ రోజు మీ తల నా ఒళ్లో ఉంది మామా. మీ కళ్లు తెరుచుకుని నన్ను చూడకుండా ఉన్నాయి. మీరు మళ్లీ ఆ చక్రం దగ్గర ఊపిరి బిగబడుతుంటే నేను కుంచె పట్టుకోలేకపోయాను. చెబితే మీరు వింటారా? ఇంకో చుట్టు తిప్పి చూపిస్తారు. అది మాకు తెలుసు." అలా అంటూ ఆవిడ రెండు అరచేతులూ ముందుకు చాపింది. సాక్ష్యం కోసం చాపలేదు, ఏం చెయ్యాలో తెలియక చాపింది. వాటి నిండా పగిలి మానిన బొబ్బలు, వాటి మీద కొత్తవి.

మామ ఆ చేతుల్ని చూసి క్యారియరు అందుకుని బయటికి నడిచాడు. వెనకాలే కండక్టరు "నాకేం తెలుసు గురూ, నేనేదో సరదాకి" అంటూ మెట్ల దాకా వచ్చాడు. మామ తిరిగి చూడలేదు.

ఆ రోజు అలవాటైన వేళ కన్నా ముందే ఇల్లు చేరాడు. కింద భార్య లేదు. మంచిదే అనుకున్నాడు. ఎవరి మొహమూ చూడాలని లేదు. పూర్వం ఎక్కినట్టే చరచరా మెట్లెక్కడం మొదలుపెట్టాడు. మొదటి మలుపు దగ్గరకి రాకముందే ఛాతీ ఎగిరెగిరి పడింది. రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాడు. ఇదేంటి, రోజూ ఎక్కే మెట్లే కదా అనుకుంటుండగా మలుపులో ఉన్న తలుపు తెరుచుకుని పొరుగింటావిడ తొంగి చూసింది.

"అన్నయ్యగారా? ఇవాళ వదిన కిందికి రాలేదా? కూర్చోండి కూర్చోండి, రోజూ ఇక్కడే కదా ఆగేది" అంటూ గోడ వారగా ఉన్న కుర్చీని ముందుకి జరిపింది. ఆ కుర్చీ మోకాలి నొప్పితో ఆగే భార్య కోసం వేసిందనే ఇన్నాళ్లూ మామ అనుకున్నాడు. ఆవిడ అందులో ఒక్కసారైనా కూర్చున్నట్టు ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. "మీరు కూర్చోండి, నేను నిలబడతాను, వంగితే నొప్పి" అనేది. రోజూ కూర్చుంది తనే.

పొరుగింటావిడకి కూడా తెలుసు. అంటే మేడలో అందరికీ తెలుసు. తనొక్కడికే తెలియదు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి భార్య చెప్పులు వేసుకుంటోంది, కిందికి దిగటానికి. ఆయన్ని చూసి, ఆయన ఊపిరి విని, ఒక చెప్పు కాలికి ఉండగానే ఆగిపోయింది.

"నీ మోకాలెలా ఉంది?" అన్నాడు మామ.

ఆవిడ కాలికున్న ఆ ఒక్క చెప్పూ విప్పేసింది. "నా మోకాలికేమీ లేదండీ" అంది. "మీరు ఆగరు. అందుకని నేనాగాను."

మామ కుర్చీలో కూలబడ్డాడు. అరుద్దామనుకున్నాడు, అరవడానికి ఊపిరి లేదు. అందరూ కలిసి తనని బొమ్మని చేసి ఆడించారని కోపం. తనని బతికించుకోవడానికే ఇంత నాటకం ఆడారని అంతకన్నా పెద్ద బాధ. ఇవి రెండూ పక్కన పెట్టినా ఇంకోటి మిగిలింది. అది భయం. గుండెపోటు వచ్చిన రోజు కూడా ఆయన ఇంత భయపడలేదు. ఆ రోజు ఏమైందో తెలియలేదు. ఇవాళ తెలిసింది. తన ఒంట్లో ఎంత బలముందో తనకే తెలియకుండా ఇన్నాళ్లు బతికేశాడు.

"ఆ మేడం నాకూ ఫోను చేసింది" అంది భార్య, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని. "మిమ్మల్ని పంపించమని బతిమాలింది. ఆయన బానే ఉన్నారు, పనికి వెళ్తున్నారు అని నేనే చెప్పాను. క్లాసులో ఏమైనా అవుతుందేమోనని నా భయం. ఇంట్లో నా కళ్ల ముందుంటే చాలనుకున్నాను. తప్పు చేశానేమోనండీ."

మర్నాడు పొద్దున మామ షాపుకి వెళ్లే బస్సు కాకుండా ఆస్పత్రి బస్సు ఎక్కాడు.

హాలు ఆయన ఊహించుకున్నట్టు లేదు. రోగుల వాసన లేదు. కిటికీలు తెరిచి ఉన్నాయి, ఓ పక్క కదలని సైకిళ్లు, ఓ పక్క నడిచేందుకు పొడుగాటి వరండా, దానికి అటో కుర్చీ ఇటో కుర్చీ. ఫోనులో గొంతు తప్ప ఎరగని మేడం ఆయన కన్నా చాలా చిన్నది, దాదాపు కూతురి వయసు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడగలేదు. గుండె ఎలా కొట్టుకుంటోందో చెప్పే పట్టీ ఛాతీకి కట్టి, బీపీ చూసి, "ఈ కుర్చీ నుంచి ఆ కుర్చీకి మీకు వీలైనంత నడవండి. ఆగాలనిపిస్తే ఆగండి" అంది.

మామ అలవాటు కొద్దీ విసవిసా బయల్దేరాడు. కండక్టరు సైకిలు మీద నుంచి "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని కేకేశాడు. మొదటి తడవ బానే ఉంది. రెండో తడవ మధ్యలో ఛాతీ బరువెక్కింది. మామ పక్కకి చూశాడు. ఎవరైనా తనకన్నా ముందు అలసిపోతారేమో, మోకాలు నొప్పంటారేమో, కబుర్లు మొదలుపెడతారేమోనని కళ్లు వాటంతట అవే వెతికాయి. ఎవరూ ఆగలేదు. తనకన్నా పెద్దావిడ ఒకావిడ, నెరిసిన ముడి, బట్టబూట్లు, చేతులూపుకుంటూ పక్కనుంచి వెళ్లిపోయింది. వెళ్తూ "మొదట్లో నేనూ ఇంతే బాబూ" అంది. మామ గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఇంతమంది ముందు, మొదటిసారి, తనంతట తానే ఆగాడు.

కళ్లనీళ్లు వచ్చాయి. తుడుచుకునే పని పెట్టుకోలేదు.

మేడం కుర్చీ తెచ్చి పక్కన వేసింది. ఆయన జరిగిందంతా చెప్పాడు, చక్రం, చాక్‌పీసు గీత, మోకాలు, అన్నీ. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. విన్నాక "మంచివాళ్లు దొరికారు మీకు" అంది. "కాకపోతే మీరు చేస్తున్నదంతా మీ బలమే అనుకున్నారు. అది మీది కాదు, వాళ్లది. మీదెంతో ఈ వరండాలో ఇవాళ తెలిసింది. ఇక్కణ్నుంచి పెంచుకుందాం."

"పెరుగుతుందా?"

"ఆయన్ని చూడండి" అని కండక్టరు వైపు చూపించింది. "ఆయన మొదటి రోజు ఆ కుర్చీ దాకా కూడా వెళ్లలేదు. అందరికీ ఒకేలా ఉంటుందని నేను చెప్పను. కానీ వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ తేడా నేను రోజూ చూస్తున్నా." తర్వాత ఆవిడ అడిగింది. "చక్రం తిప్పేటప్పుడు ఊపిరి బిగబడతారా?"

"బిగబట్టకపోతే బలం ఎలా వస్తుంది మేడం?"

"అలా బిగబట్టినప్పుడు గుండె మీద ఒక్కసారిగా ఒత్తిడి పడుతుంది. బరువు పనేదైనా ఊపిరి వదులుతూ చెయ్యాలి. మీరు మాత్రం నేను చెప్పేదాకా ఆ చక్రం ముట్టుకోవద్దు."

చక్రం ముట్టుకోకపోతే తనెవరు? షాపులో తన పేరే అది కదా. అడగాలనుకుని అడగలేకపోయాడు. మేడం ఆయన బీపీ మళ్లీ చూసింది.

షాపుకి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. ఓనరు "ఏంటి మామా, ఆలస్యం" అని అడగబోయి మింగేశాడు. మామ తనే చెప్పాడు. "గుండె క్లాసుకి వెళ్లాను. ఇకమీదట కూడా వెళ్తాను. ఆ రోజుల్లో ఆలస్యంగానే వస్తాను." ఆ మాట నలుగురిలో అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో ఆయనకే తెలుసు. ఓనరు తల ఊపాడు. కత్తిరింపు బావ లేచి మంచినీళ్లు తేబోయాడు. "కూర్చో బావా, నేను తెచ్చుకుంటాలే" అన్నాడు మామ. వెళ్లి తెచ్చుకున్నాడు, నెమ్మదిగా.

సాయంత్రం దొంతర చట్రంలోకి చేరింది. అందరి చేతులూ పనిలో ఉన్నాయి, ఎవరి కళ్లూ పని మీద లేవు. మామ చక్రం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చెయ్యి వెయ్యలేదు.

"అమ్మాయ్, ఇలా రా. బిగించు."

జిగురక్క బెదిరిపోయి చూసింది. "మీరు వెళ్లాక బిగిస్తాలే మామా."

"నేనుండగానే బిగించు. నా కళ్ల ముందే."

ఆవిడ వచ్చి చక్రం పట్టుకుంది. కాళ్లు దగ్గరగా పెట్టి, నడుము వంచి, ఊపిరి బిగబట్టి తిప్పబోయింది. చాటుమాటుగా నేర్చుకున్న పని కదా, ఎవరూ ఎలా నిలబడాలో చెప్పలేదు. అన్నాళ్లు అలా తిప్పి ఆ నడుము ఏమైపోయి ఉంటుందోనని మామ ఒక అడుగు ముందుకేశాడు.

"ఆగు. కాళ్లు ఎడంగా పెట్టు. నడుముతో కాదు, కాళ్లతో తొయ్యి. ఊపిరి బిగబట్టకు, తిప్పేటప్పుడు వదిలెయ్యి."

"మీరెప్పుడూ బిగబట్టే తిప్పేవారు కదా మామా."

"అందుకే చెబుతున్నాను."

ఆవిడ ఊపిరి వదులుతూ తిప్పింది. చక్రం తేలిగ్గా కదిలింది. ఆయన రెండు చేతులూ వాటంతటవే గాల్లోకి లేచాయి, చక్రం అందుకోబోయాయి. ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకుని వీపు వెనక పెట్టుకున్నాడు. దొంతర అణిగాక వంగి, పుస్తకాల అంచుల్ని బొటనవేలితో నొక్కి చూశాడు. "ఇంకొంచెం" అన్నాడు. ఆవిడ తిప్పింది. "ఇంకొంచెం" అన్నాడు. తిప్పింది. "చాలు."

జిగురక్క చక్రం వదిలి పక్కకి నిలబడింది. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. "మీది మీకు ఇచ్చేస్తాను మామా, ఎప్పుడంటే అప్పుడు" అంది.

"మేడం సరేనన్న రోజున అడుగుతాను. అంతకు ముందు నేనెంత అడిగినా ఇవ్వకు."

"మీరు కోప్పడితే?"

"పడతాను" అన్నాడు బిగింపు మామ. "తిడతాను కూడా. అయినా ఇవ్వకు."